వీపు మీద ప్యాచ్, మనిషి ఒప్పుదల: స్కిజోఫ్రీనియా మందు గురించి కొన్ని ఖచ్చితమైన మాటలు

"మాత్ర మింగమంటే నోరు తెరవడు, ఇంజెక్షన్ అంటే ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. చర్మానికి అంటించే ప్యాచ్ ఏదో ఉందంట కదా సార్, అది రాసిస్తే రాత్రి నిద్రలో వీపుకు అంటించేస్తాం." స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం ఉండే మానసిక జబ్బు) ఉన్న మనిషిని ఏళ్ళ తరబడి చూసుకుంటున్న ఇంట్లో ఈ ఆలోచన రావడంలో వింతేమీ లేదు. పూటపూటకీ మాత్ర దగ్గర జరిగే పోరు ఎలా ఉంటుందో పడేవాళ్ళకే తెలుసు. కానీ ప్యాచ్ మీద పెట్టుకునే ఆశా, దాన్ని వాడటంలో జరిగే తప్పూ రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. వాడదామని ఒప్పుకున్న మనిషికి ప్యాచ్ మంచి మందే. ఒప్పుకోని మనిషికి తెలియకుండా మందు ఎక్కించే ఉపాయంగా చూస్తే మాత్రం దానంత పనికిరానిది ఇంకోటి లేదు. తెల్లారి లేచి చెయ్యి వెనక్కి పెట్టి ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు పెట్టిన అన్నమూ నమ్మడు.

ముందు ఇందులో ఉన్న మందేమిటో చూద్దాం. అసెనపిన్ అనే మందుతో చేసిన ప్యాచ్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 అక్టోబరులో అనుమతి ఇచ్చింది. అక్కడ దాని పేరు సెక్యువాడో. పెద్దవాళ్ళలో స్కిజోఫ్రీనియాకు మాత్రమే. అదే ఏడాది జపాన్‌లో బ్లోనాన్సెరిన్ అనే ఇంకో మందు ప్యాచ్‌గా వచ్చింది. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ అసెనపిన్ ప్యాచ్‌వి. ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు.

అసెనపిన్ కొత్త మందేమీ కాదు. నాలుక కింద పెట్టుకునే మాత్రగా 2009 నుంచీ ఉంది, మన దేశంలోనూ దొరుకుతుంది. దాన్ని చర్మం మీదికి తేవడానికి బలమైన కారణమే ఉంది. ఈ మందును మింగితే కాలేయం దాటి రక్తంలోకి చేరేది 2 శాతం కూడా ఉండదు. నాలుక కింద కరగనిస్తే సుమారు 35 శాతం చేరుతుంది. అందుకే ఆ మాత్రను నమలకూడదు, మింగకూడదు, పెట్టుకున్నాక 10 నిమిషాలు మంచినీళ్ళు కూడా తాగకూడదు. రోజుకు రెండుసార్లు. పైగా చేదు, నాలుక కాసేపు మొద్దుబారుతుంది. దంచి సంగట్లోనో పెరుగన్నంలోనో కలిపి పెట్టే ఇళ్ళున్నాయి. మిగతా మందుల సంగతి తర్వాత, అసెనపిన్‌ను అలా కలిపితే ద్రోహానికి ద్రోహమూ జరుగుతుంది, మందూ పనిచెయ్యదు.

ప్యాచ్ ఈ చిక్కు తప్పిస్తుంది. రోజుకొక్కటి, 24 గంటలు ఉంచాలి. తిండితో సంబంధం లేదు. శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి ఉపవాసం అని మాత్రలు మానేసే అలవాటు మన వైపు ఎక్కువ కాబట్టి ఇది చిన్న లాభం కాదు. అయ్యప్ప దీక్షలో 41 రోజుల చన్నీళ్ళ స్నానాలకూ ప్యాచ్ అడ్డు కాదు.

మోతాదులు మూడు. 24 గంటల్లో 3.8 మిల్లీగ్రాములు ఇచ్చేది, 5.7 ఇచ్చేది, 7.6 ఇచ్చేది. వాటి వైశాల్యం వరసగా 20, 30, 40 చదరపు సెంటీమీటర్లు. అంటే మోతాదు పెరిగితే ప్యాచ్ సైజు పెరుగుతుంది. మొదలు ఎప్పుడూ 3.8తోనే. వారం తర్వాత అవసరాన్ని బట్టి డాక్టరు 5.7కో 7.6కో పెంచుతారు. నాలుక కింద మాత్ర 5 మిల్లీగ్రాములు రెండు పూటలా వేసుకుంటే ఒంట్లోకి ఎంత చేరుతుందో, 3.8 ప్యాచ్‌తో దాదాపు అంత చేరుతుంది. 10 మిల్లీగ్రాములు రెండు పూటలా వేసుకునేవాళ్ళకు 7.6 దాని సాటి. మందు రక్తంలో నిలకడకు రావడానికి మొదటి ప్యాచ్ వేసిన దగ్గర్నుంచి 3 రోజులు పడుతుంది. రెండో రోజే "ఏం తేడా కనపళ్ళేదు" అని ఇంకో ప్యాచ్ పక్కన అంటించడం ప్రమాదం. నిలకడ రావడం వేరు, మనసు కుదుటపడటం వేరు. రెండోదానికి వారాలు పడుతుంది.

ప్యాచ్‌ను కత్తిరించకూడదు. "సగమే వేద్దాం, పొదుపు" అని కత్తెర తీసేవాళ్ళుంటారు. మందు కలిసి ఉండేది జిగురు పొరలోనే. కోసిన ప్యాచ్ ఎంత మందు ఇస్తుందో ఎవరూ చెప్పలేరు, అంచు కూడా సరిగా అతకదు.

ఇక అసలు సంగతి, వేడి. ప్యాచ్ తయారైన చోట వేడి అంటే హీటింగ్ ప్యాడ్, హెయిర్ డ్రయర్, కరెంటు దుప్పటి. ఇవేవీ ప్యాచ్ మీద పడకూడదని మందు కాగితం స్పష్టంగా చెబుతుంది, ఎందుకంటే బయటి వేడి తగిలితే చర్మం గుండా మందు మామూలుకంటే వేగంగా, ఎక్కువగా లోపలికి వెళుతుంది. తిరుపతిలో ఈ జాబితాను మన బతుకుకు తగ్గట్టు తిరగరాసుకోవాలి. నడుం నొప్పికి పెట్టే వేడినీళ్ళ బ్యాగు, బాలింతకు పట్టే కాపడం, జలుబు చేస్తే దుప్పటి కప్పుకుని పట్టే ఆవిరి, పొయ్యి ముందు గంటల తరబడి కూర్చోవడం. మే నెలలో ఇక్కడ పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే. మధ్యాహ్నమంతా కాలిన మిద్దె మీద సాయంత్రం ఆరింటికి చాప పరుచుకుని వెల్లకిలా పడుకుంటే, వీపు మీది ప్యాచ్‌కు కింద నుంచి కాపడం పెట్టినట్టే. అలాంటి రోజుల్లో ప్యాచ్ వీపుకు బదులు పై చేతికి వేసుకుని, చొక్కా చెయ్యి దాన్ని కప్పేలా చూసుకోవడం మేలు.

వేడిలో ఇంకో చిక్కుంది, ఇది ప్యాచ్‌ది కాదు, మందుది. స్కిజోఫ్రీనియాకు వాడే ఈ జాతి మందులన్నీ ఒళ్ళు తనను తాను చల్లబరచుకునే శక్తిని కొంత తగ్గిస్తాయి. లేచి నిలబడ్డప్పుడు బీపీ పడిపోయి కళ్ళు తిరగడమూ ఉంటుంది, ముఖ్యంగా మొదటి వారాల్లో, మోతాదు పెంచినప్పుడు. మందు మొదలుపెట్టిన నెలలోనే "మొక్కు తీర్చుకుంటే నయమవుతాడు" అని ఎండాకాలం మధ్యాహ్నం అలిపిరి మెట్లెక్కించడం వద్దు. అవి 3,550 మెట్లు. మొక్కు ఆగుతుంది. కొండకు బస్సులో వెళ్ళి, కుదుటపడ్డాక ఏ మార్గశిరంలోనో తెల్లవారుజామున నడిచి ఎక్కొచ్చు, మధ్యమధ్య నీళ్ళు తాగుతూ. మొదటి రోజుల్లో మగత ఉంటుంది కనుక ఘాట్ రోడ్డు మీద బండి నడపడం కూడా అప్పుడు వద్దు.

నిల్వ సంగతికొస్తే, ప్యాచ్‌లు ఉండాల్సింది 20 నుంచి 25 డిగ్రీల మధ్య. అటూ ఇటూ పోయినా 15కు తగ్గకూడదు, 30 దాటకూడదు. మే నెలలో ఏసీ లేని గది ఇంతకంటే వేడిగా ఉంటుంది. బండి డిక్కీ, వంటింటి గట్టు, పడమటి గోడకు ఆనించిన బీరువా ఇవన్నీ తప్పు చోట్లు. ఫ్రిజ్ చలి కూడా ఆ హద్దుకు కిందే. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో నేలకు దగ్గరగా ఉండే అర, అదీ కుదరకపోతే ఎండాకాలం రెండు నెలలూ నెలకు సరిపడా తెచ్చుకోకుండా వారానికి సరిపడా తెచ్చుకుని మిగతాది ఏసీ ఉన్న మందుల షాపులోనే ఉంచమనడం. అంటించే నిమిషం దాకా కవరు చింపకూడదు.

అంటించడంలో పనితనమంతా చర్మం సిద్ధం చేసుకోవడంలోనే ఉంది. చోట్లు నాలుగు: పై చెయ్యి, వీపు పై భాగం, పొట్ట, తుంటి. స్నానం వేళకే ప్యాచ్ మార్చే అలవాటు పెట్టుకుంటే రెండు పనులూ కలిసొస్తాయి. పాతది తీసేసి, స్నానం చేసి, పొడి తువ్వాలుతో తుడిచి, చెమట పూర్తిగా ఆరాక కొత్తది. ఫ్యాను కింద ఓ పది నిమిషాలు కూర్చుంటే చాలు. ఒంటికి కొబ్బరినూనె, నువ్వులనూనె రాసుకునే అలవాటున్నవాళ్ళు ఆ నాలుగు చోట్లనూ వదిలెయ్యాలి. తలంటి రోజున వెన్ను మీదికి కారిన నూనె ఒక్కసారి సబ్బుతో పోదు. ఆ రోజుకు పొట్టో తుంటో ఎంచుకోవాలి. పౌడరు, నొప్పి బామ్, మాయిశ్చరైజర్ ఏదీ ఉండకూడదు. వెంట్రుకలుంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. బ్లేడుతో గీసిన చర్మానికి వెంటనే అంటిస్తే మంటెక్కుతుంది. తుంటి దగ్గర పావడా బొందు, ప్యాంటు బెల్టు రాసుకునే గీత మీద వేస్తే సాయంత్రానికి అంచు లేస్తుంది. దానికి నాలుగు వేళ్ళు పైనో కిందో వెయ్యాలి.

వెనకున్న కాగితం సగం తీసి, జిగురుకు వేలు తగలకుండా ఆ సగాన్ని చర్మం మీద ఉంచి, మిగతా కాగితం లాగేసి అరచేత్తో అర నిమిషం గట్టిగా ఒత్తాలి. అంచుల మీద వేలితో చుట్టూ ఒక్కసారి తిరిగితే మంచిది. వేసినవాళ్ళు వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కళ్ళు నలుపుకోకూడదు. మామూలు స్నానానికి ఇబ్బంది లేదు. నీళ్ళలో మునిగి ఉండటం, ఈత మాత్రం పరీక్షించి చూడలేదు. కపిల తీర్థంలోనో పుష్కరిణిలోనో మునకలు వేసే రోజు ప్యాచ్ మార్చే సమయాన్ని దానికి తగ్గట్టు చూసుకుని, స్నానమయ్యాక కొత్తది వేసుకోవడమే తేలిక. అంచు కొద్దిగా లేస్తే మళ్ళీ ఒత్తాలి. పూర్తిగా ఊడిపోతే అదే అంటించకుండా పారేసి కొత్తది వెయ్యాలి. నిన్న వెయ్యడం మరిచిపోయామని ఈ రోజు రెండు వెయ్యకూడదు.

రోజూ చోటు మారాలి. క్యాలెండర్‌లో తేదీ పక్కన "ఎ.చె." అంటే ఎడమ చెయ్యి, "కు.వీ." అంటే కుడి వీపు అని రాసుకుంటే చాలు. చిన్న పనే గానీ ఇదే ఎక్కువమంది తప్పేది. వీపు మీద పాతది ఉందన్న సంగతి మరిచి చేతికి కొత్తది వేస్తారు. ఆ రోజంతా మనిషి తూగుతూ ఉంటాడు, లేస్తే పడిపోతాడు. కాబట్టి వరస ఎప్పుడూ పాతది తీసి చేతిలో పట్టుకున్నాకే కొత్త కవరు చింపాలి.

ప్యాచ్ ఉన్న చోట కాస్త ఎర్రబడటం, దురద మామూలే, తీశాక కొద్ది రోజుల్లో పోతాయి. ఎరుపు ప్యాచ్ హద్దు దాటి పాకినా, బొబ్బలెక్కినా, వాచినా అది వేరే సంగతి, ఫోటో తీసి డాక్టరుకు చూపించాలి. ఒళ్ళంతా దద్దురు, పెదాలు వాయడం, ఊపిరి అందకపోవడం అయితే ప్యాచ్ లాగేసి ఆసుపత్రికే. దురదకు ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాసి దాని మీదే మర్నాడు ప్యాచ్ వెయ్యడం మాత్రం వద్దే వద్దు.

వాడి తీసిన ప్యాచ్ ఖాళీది కాదు. 3.8 ప్యాచ్‌లో మొదట ఉండే మందు 6.4 మిల్లీగ్రాములు. రోజంతా వాడాక కూడా రెండున్నర మిల్లీగ్రాముల దాకా అందులోనే ఉండిపోతుంది. దాన్ని జిగురు వైపు లోపలికి మడిచి, రెండు సగాలూ అతుక్కున్నాక, పిల్లలకూ కుక్కలకూ అందని చెత్తబుట్టలో వెయ్యాలి. పాకే పిల్లలున్న ఇంట్లో స్నానాలగది నేల మీద పడేసిన ప్యాచ్ పాప కాలికి అంటుకోవడం ఊహించలేని విషయమేమీ కాదు.

కొందరికి ఈ మందే తగదు. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ళకు వాడకూడదు. మతిమరుపు జబ్బు వచ్చిన ముసలివాళ్ళ గొడవలకు, భ్రమలకు ఇది మందు కాదు, అలాంటి పెద్దవాళ్ళలో ఈ జాతి మందులు మరణాలను పెంచుతాయి. గుండె లయ తేడా ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. డిప్రెషన్ లాంటివాటికి ఇచ్చే ఫ్లూవోక్సమిన్ వాడితే ఒంట్లో అసెనపిన్ పెరుగుతుంది. అదే కోవకు చెందిన పారోక్సెటిన్ వాడుతుంటే ఆ పారోక్సెటిన్ మోతాదును సగానికి తగ్గించాల్సి వస్తుంది. బీపీ మాత్రలున్నవాళ్ళకు కళ్ళు తిరగడం ఎక్కువవుతుంది. గర్భం ఉన్నా, రావొచ్చన్నా దాచకూడదు. మొదలుపెట్టే ముందు బరువు, నడుము కొలత, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ బీపీ చూసి రాసుకోవాలి. మూడు నెలలకు మళ్ళీ చూస్తేనే పోల్చుకోవడానికి ఏదన్నా ఉంటుంది.

ఇంట్లోవాళ్ళు పొరబడే ఒక దుష్ఫలితం గురించి కాస్త ఆగి చెప్పాలి. కొందరికి ఈ మందుతో కాలు ఒకచోట నిలవదు. కూర్చుంటే లేస్తారు, లేస్తే తిరుగుతారు, అన్నం ముందు కూర్చుని మోకాలు ఊపుతూనే ఉంటారు. దీన్ని అకతీసియా అంటారు. చూసేవాళ్ళకు జబ్బు తిరగబెట్టినట్టే ఉంటుంది. "మళ్ళీ మొదలైంది, మోతాదు పెంచండి" అని ఫోను చేస్తారు. పెంచితే అది ఇంకా ముదురుతుంది. ఆ మనిషినే అడగాలి: "లోపల నుంచి కదలాలనిపిస్తోందా, లేక ఎవరో తరుముతున్నట్టుందా?" మొదటిదైతే మందు పని, రెండోదైతే జబ్బు పని కావచ్చు. డాక్టరుకు ఆ జవాబు ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఇప్పుడు ఒప్పుదల సంగతి. 2018 మే నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తన వైద్యం గురించి అర్థం చేసుకోగల స్థితిలో ఉన్న పెద్ద మనిషి నిర్ణయం ఆ మనిషిదే. బాగున్న రోజుల్లోనే "నాకు తిరగబెడితే ఈ వైద్యం చెయ్యండి, ఇది వద్దు" అని ముందుగా రాసి ఉంచుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని పేరు పెట్టి ఎంచుకోవచ్చు. ప్యాచ్ వాడదామనుకునే ఇంట్లో ఈ కాగితం రాసుకోవడం కంటే మంచి మొదలు లేదు. "వీపు మీద నేను చూసుకోలేను, అమ్మే వెయ్యాలి" అనో, "చేతికి వద్దు, కాలేజీలో కనపడుతుంది" అనో ఆ మనిషి చెప్పే షరతులన్నీ న్యాయమైనవే. ప్యాచ్‌లో నాకు నచ్చేది కూడా ఇదే. అది కంటికి కనపడుతుంది, ఇద్దరూ చూడగలరు. "వేసుకున్నావా?" అన్న అనుమానపు ప్రశ్న తగ్గుతుంది. దొంగచాటుగా వేసినప్పుడు ఈ గుణమే ఎదురు తిరుగుతుంది.

మందే వద్దనే మనిషికి, లేదా ఒప్పుకుని కూడా నెలల్లోనే జారిపోయే మనిషికి, నెలకోసారో ఇంకా దూరంగానో వేసే దీర్ఘకాల ఇంజెక్షన్ గురించి డాక్టరుతో మాట్లాడటం నయం. ప్యాచ్ తీసేశాక ఒంట్లో మందు సగానికి తగ్గడానికి సుమారు 30 గంటలు. ఒక్క పూట ఆలస్యమైతే కొంప మునగదు గానీ, నాలుగు రోజులు మానేస్తే పెద్దగా ఏమీ మిగలదు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ ప్యాచ్ అనుమతికి ఆధారమైన ప్రధాన పరీక్ష 6 వారాలది, పోల్చింది మందు లేని ప్యాచ్‌తో. పాత మాత్రలకంటే గొప్పదని అది చెప్పలేదు. సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాత్రతో నిద్ర, పని, మాట బాగున్న మనిషిని, కొత్తదన్న మోజుతో ప్యాచ్‌కు మార్చడానికి నాకు కారణం కనపడదు. మింగడం కష్టమైనవాళ్ళు, నాలుక కింది మాత్ర రుచి భరించలేనివాళ్ళు, వేసుకోవాలని మనసున్నా మరిచిపోయేవాళ్ళు, సూదికి భయపడేవాళ్ళు, వీళ్ళకు అడిగి చూడదగ్గ మందు.

చిత్తూరు, తిరుపతి ఇళ్ళలో ఇంకో దారి ఉంది. అమెరికాలో ఉన్న కొడుకో మేనల్లుడో వచ్చేవాళ్ళ సూట్‌కేసులో రెండు డబ్బాలు పంపిస్తాడు. ప్రేమతోనే. కానీ ఆ డబ్బా విమానాశ్రయం బయట ఎండలో ఎంతసేపుందో తెలియదు, మోతాదు ఎవరికి రాసిందో తెలియదు, ఇక్కడి డాక్టరుకు ఆ సంగతే తెలియదు, అన్నిటికంటే ముఖ్యం, రెండు డబ్బాలు అయిపోయాక మూడోది లేదు. మధ్యలో ఆగే మందు మొదలుపెట్టడం కంటే పాత మాత్ర కొనసాగించడమే క్షేమం. ఇక్కడ, ఇక్కడి డాక్టరు రాసి, ప్రతి నెలా తెచ్చుకోగలిగితేనే మొదలుపెట్టాలి. ఇంకా 7 ప్యాచ్‌లు ఉండగానే కొత్తవి తెచ్చుకోవాలి. బ్రహ్మోత్సవాల వారంలో చివరి కవరు చింపి షాపులు తిరగడం ఎవరికీ మంచిది కాదు.

ఒక్క ప్రమాదానికి మాత్రం ఫోన్లు, సలహాలు పనికిరావు. ఒళ్ళు కాలిపోయే జ్వరం, కర్రలా బిగుసుకున్న కండరాలు, చెమటలు, పిలిస్తే సరిగా పలకకపోవడం కలిసి వస్తే అది ఈ జాతి మందులతో అరుదుగా వచ్చే ప్రాణాంతక స్థితి కావచ్చు. వానాకాలంలో డెంగీ జ్వరమనుకుని రెండు రోజులు ఆగడం కుదరదు. ప్యాచ్ తీసేసి 108కి ఫోను చెయ్యాలి. మందు ఆ తర్వాత కూడా కొన్ని రోజులు ఒంట్లో ఉంటుంది. క్యాజువాల్టీలో చొక్కా కింద ఏముందో ఎవరికీ కనపడదు కాబట్టి, ప్యాచ్ పేరు, మోతాదు, ఎప్పుడు వేశారు, ఎప్పుడు తీశారు అన్నది అడగకముందే చెప్పాలి. ఎమ్మారై తీస్తామంటే అక్కడా చెప్పాలి, కొన్ని రకాల ప్యాచ్‌ల వెనక పొరలో లోహం ఉంటుంది. అర్ధరాత్రి ఇది జబ్బో మందో తేలక కంగారు పడుతుంటే, ప్రాణాపాయం లేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరూ, డాక్టరు నంబరూ ప్యాచ్ చోట్లు రాసుకునే క్యాలెండర్ మీదే పైన రాసి ఉంచండి.